ఓపెన్, సేవ్, క్యాన్సిల్

పొందూరు పేరు చెబితే ఎవరికైనా ఖద్దరే గుర్తొస్తుంది. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, నూరో నంబరు నూలు వడికే ఆడవాళ్ళ గురించి, 1949లో మొదలైన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ రాట్నాల వీధులకు కాస్త ఎడంగా, మెయిన్ రోడ్డు మీద ఇంకో బతుకు కూడా నడిచింది. రెండువేల సంవత్సరానికి అటూ ఇటూగా మొదలై, అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేదాకా సాగి, ఆనవాలు లేకుండా పోయింది. అది నెట్ సెంటర్ల బతుకు. నా పడుచుదనం అందులోనే గడిచింది. ఆ రోజుల్లో ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ అబ్బిన ఒక తెలివి ఇప్పుడు మెల్లగా జారిపోతోంది. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

మా సెంటరు ఒక షాపుగది. బయట రంగుతో రాసిన బోర్డు: ఇంటర్నెట్, డీటీపీ, జెరాక్స్, లామినేషన్, ఎస్టీడీ. లోపల ప్లైవుడ్ చెక్కలతో చేసిన అరలు, ఒక్కో అరలో ఒక కంప్యూటరు, దాని మీద దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ. ఓ మూల యూపీఎస్. కరెంటు పోగానే అది కూతపెట్టేది. ఆ కూత ఆగేలోగా చేతిలో ఉన్న పనిని డిస్కులోకి ఎక్కించుకోవాలి. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. అది మహానగరాలు దాటి మా ఊరిదాకా రావడానికి ఏళ్ళు పట్టింది. వచ్చినప్పుడు కూడా టెలిఫోన్ తీగె మీదే వచ్చింది. 172233 నంబరుకు మోడెం ఫోన్ చేసేది. కీచుమని, గరగరమని, ఒక్క క్షణం ఆగి, గంటకొట్టినట్టు కలిసేది. కలవగానే అరల్లో కూర్చున్నవాళ్ళు నడుం నిటారుగా పెట్టేవాళ్ళు.

ఆ మోడెం 56 కిలోబిట్లది. కిలోబైట్లలోకి మారిస్తే సెకనుకు ఏడు. అది అట్టపెట్టె మీద రాసిన లెక్క. మాకు నాలుగో ఐదో వస్తే ఆ రోజు మంచి రోజు. అంటే ఒక మెగాబైటు ఫైలు దిగడానికి నాలుగు నిమిషాలు. రెండు కంప్యూటర్లు అదే లైను పంచుకుంటే ఎనిమిది. గంటకు పాతిక రూపాయలు తీసుకునే చోట ప్రతి నిమిషానికీ వెల ఉంది. అందుకని ఏది చూసి వదిలెయ్యాలి, ఏది ఇంటికి పట్టుకెళ్ళాలి అన్న తీర్మానం మా దగ్గరికొచ్చిన ప్రతి మనిషీ చేసుకోవలసి వచ్చేది.

ఆ తీర్మానం అడిగేది ఒక చిన్న బూడిదరంగు పెట్టె. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఏదైనా ఫైలు మీద నొక్కగానే తెర మధ్యలో ‘ఫైల్ డౌన్‌లోడ్’ అంటూ లేచేది. ఐదో వెర్షనులో ఫైలును ఉన్నచోటి నుంచే తెరవమంటావా, డిస్కులో దాచమంటావా అని అడిగేది. 2001లో వచ్చిన ఆరో వెర్షనులో అవే బటన్లయ్యాయి: ఓపెన్, సేవ్, క్యాన్సిల్. బడి ముఖం చూడనివాళ్ళకు కూడా ఆ మూడు మాటలూ వచ్చేశాయి. నా భుజం మీదుగా తెరలోకి వంగి, “సేవు కొట్టు బావూ, సేవు కొట్టు” అని తొందరపెట్టేవాళ్ళు.

ఆ పెట్టె కొన్నింటికి ఎందుకొస్తుందో, కొన్నింటికి ఎందుకు రాదో మొదట్లో అంతుపట్టేది కాదు. అప్పట్లో నెట్ సెంటర్లలో పనిచేసే కుర్రాళ్ళం ‘కంప్యూటర్ ఎరా’ మాసపత్రిక చేతికందితే అట్ట నుంచి అట్టదాకా చదివేవాళ్ళం. అలా చదువుకుంటూ, సెంటరులో రోజూ చూసినదానితో పోల్చుకుంటూ ఒక్కొక్కటే తెలుసుకున్నాను. బ్రౌజరు ఒక ఫైలు అడిగినప్పుడు అవతలి సర్వరు దాన్ని నేరుగా పంపదు. ముందుగా కంటికి కనబడని కొన్ని వరుసలు పంపుతుంది. వాటిలో ‘కంటెంట్ టైప్’ అనే వరుస, వస్తున్నదేమిటో చెబుతుంది: ఇది వెబ్ పేజీ, ఇది జేపెగ్ బొమ్మ, ఇది పీడీఎఫ్ అని. అది తనకు చూపించడం చేతనైన రకమైతే బ్రౌజరు తెరమీద పరుస్తుంది. జిప్ లాంటి చేతకాని రకమైతే ఏం చెయ్యమంటావని మనల్ని అడుగుతుంది.

‘కంటెంట్ డిస్పొజిషన్’ అని ఇంకో వరుస ఉంటుంది. అందులో ‘ఇన్‌లైన్’ అని ఉంటే ఇక్కడే చూపించమని. ‘అటాచ్‌మెంట్’ అని ఉంటే, నీకు చూపించడం వచ్చినా సరే, దాచుకునే ఫైలుగానే చేతికివ్వమని. ఈ ఏర్పాటు పుట్టింది ఈమెయిల్ కోసం. ఉత్తరంతో వచ్చిన బొమ్మను ఉత్తరంలోనే చూపాలా, విడిగా ఇవ్వాలా అన్న ప్రశ్నకు జవాబుగా 1995లో ప్రయోగంగా రాశారు, 1997లో ప్రమాణంగా మళ్ళీ రాశారు. బ్రౌజర్లు దాన్నే తెచ్చుకుని వాడుకున్నాయి. వెబ్ వాడకానికంటూ విడిగా ప్రమాణపత్రం రాసుకున్నది 2011లో.

ఇంకో సంగతి తెలిసినప్పుడు మాత్రం నాకు నిజంగా కళ్ళు తెరుచుకున్నాయి. తెరమీద చూసేది కూడా మన కంప్యూటరులోకి దిగినదే. దిగకుండా ఏదీ కనబడదు. పేజీలోని ప్రతి అక్షరం, ప్రతి బొమ్మ అప్పట్లో ‘టెంపరరీ ఇంటర్నెట్ ఫైల్స్’ అనే ఫోల్డరులో చేరేది. చోటు చాలనప్పుడు బ్రౌజరు మనతో చెప్పకుండానే పాతవి చెరిపేస్తుంది. సేవ్ కొట్టిన ఫైలును మనం చెరిపితే తప్ప చెరపదు. చూడటానికీ దాచుకోవడానికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ ప్రతి ఎక్కడుంటుంది, ఎన్నాళ్ళుంటుంది, దాని మీద ఎవరి మాట చెల్లుతుంది అన్నదాన్లోనే ఉంది.

ఈ తేడా అందరికన్నా బాగా తెలిసినవాళ్ళు మా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళు. పదో తరగతి, ఇంటర్ ఫలితాల రోజు సెంటరు ముందు సైకిళ్ళు రోడ్డు దాకా నిలబడేవి. లావేరు, సంతకవిటి, జి.సిగడాం వైపు నుంచి కూడా వచ్చేవాళ్ళు. హాల్‌టికెట్ నంబరు కొట్టి అరగంట ఎదురుచూస్తే పేజీ పైనుంచి కిందికి మెల్లగా పరుచుకునేది. ముందు పేరు, తర్వాత తెలుగు మార్కులు, ఆ తర్వాత హిందీ. లెక్కల మార్కులు వచ్చేదాకా అరలో ఊపిరి వినబడేది కాదు. నూలు వడికే ఒక అవ్వ మనవడి కోసం వచ్చింది. గుంటడు పాసయ్యాడని తెరమీద చూపించాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, “అగుపడింది బావూ, మరి నాకు కాయితం ఎప్పుడిస్తావు? సూసినంత మాత్రాన మనదయిపోద్దేటి?” అంది. నూలు చిలపలు అప్పగించి, పుస్తకంలో రాయించుకుని, లెక్క చూసుకుని ఇంటికెళ్ళే మనిషి ఆవిడ. చేతిలో రుజువు లేనిది లెక్కలోకి రాదని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద ఆ పేజీ తీసి ఇస్తే మడతపెట్టి బొడ్లో దోపుకుంది.

ఫలితాల కన్నా ఒత్తిడి పెట్టేది వీసా కాపీ. మా జిల్లా నుంచి గల్ఫ్‌కు వెల్డర్లుగా, రాడ్‌బెండర్లుగా వెళ్ళినవాళ్ళు ఎంతమందో. అవతలి నుంచి మెయిల్ వచ్చిందని ఫోను రాగానే కుటుంబం అంతా దిగేది. యాహూ తెరిచి, అటాచ్‌మెంట్ మీద నొక్కితే, ముందు వైరస్ ఉందేమోనని పరీక్ష జరిగి, ఆ తర్వాత డౌన్‌లోడ్ బటన్ వచ్చేది. ఉత్తరంలోనే బొమ్మగా కనబడితే చాలదు. దాన్ని ఉన్న సైజులో దించి, నంబర్లు చదవగలిగేట్టు ప్రింటు తియ్యాలి. తెరమీద కనబడిన చిన్న బొమ్మనే ప్రింటిస్తే పాస్‌పోర్టు నంబరు నల్లటి మరకగా వస్తుంది. అందుకని వీసా అంటే ఓపెన్ కాదు, సేవ్. ఆ ఫైలు మా కంప్యూటరులో ఒకటి, వాళ్ళ ఫ్లాపీలో ఒకటి పెట్టి, పేరు మార్చి, మనిషి పేరు, తేదీ రాసేవాణ్ణి. ఫ్లాపీలో పట్టేది 1.44 మెగాబైట్లు. అవి తేమకు పాడయ్యేవి కూడా. కాబట్టి ముఖ్యమైనవాటికి రెండు ఫ్లాపీలు కొనమనేవాణ్ణి. ఎవరూ ఖర్చని వెనకాడలేదు.

ఫైళ్ళు పెట్టే తంటాలు కూడా ఉండేవి. ఒక ఉద్యోగ ప్రకటన తెరిస్తే తెరనిండా అర్థంలేని గుర్తులు వచ్చిపడేవి. మొదటి వరుసలో శాతం గుర్తు, దాని పక్కన పీడీఎఫ్ అన్న అక్షరాలు, ఆ కిందంతా పిచ్చిగీతలు. వైరస్ వచ్చిందని కుర్రాళ్ళు కుర్చీ వెనక్కి జరిపేవాళ్ళు. నిజానికి ఫైలులో లోపమేమీ లేదు. అవతలి సర్వరు ఆ పీడీఎఫ్‌ను మామూలు అక్షరాల ఫైలని చెప్పి పంపింది. ఆ చెప్పినదాన్ని నమ్మి బ్రౌజరు అక్షరాలుగానే చూపించింది. లింకు మీద రైట్ క్లిక్ కొట్టి ‘సేవ్ టార్గెట్ యాజ్’ అంటే అదే ఫైలు చక్కగా దిగి, అక్రోబాట్ రీడరులో తెరుచుకునేది. ఇంకోసారి దిగిన ఫైలు పేరు చివర ఏఎస్‌పీఎక్స్ అని ఉండి, ఎంత నొక్కినా తెరుచుకునేది కాదు. ఎఫ్2 కొట్టి, పేరు చివర పీడీఎఫ్ అని రాస్తే హాల్‌టికెట్ బయటపడేది. ఈ రెండు చిట్కాలు తెలిసిన ఆపరేటరున్న సెంటరుకు రాజాం ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు.

2004లో విండోస్ ఎక్స్‌పీకి రెండో సర్వీస్ ప్యాక్ వచ్చాక, కొన్ని ఫైళ్ళు నొక్కితే పేజీ పైన పసుపు పట్టీ లేచేది. మీ భద్రత కోసం ఈ ఫైలును ఆపాం అని దాని సారాంశం. అంతకుముందు ఏ పేజీ అయినా ఏ ఫైలునైనా మన ముందుకు తోసేది. వచ్చినదల్లా ఓపెన్ కొట్టడం వల్ల ఎన్నో కంప్యూటర్లు పాడయ్యాయి. తెరమీద చూపేదానికీ, కంప్యూటరులో నడిచేదానికీ మధ్య ఒక గోడ ఉండాలని బ్రౌజర్లు చేసినవాళ్ళు మెల్లగా నేర్చుకుంటున్న రోజులవి. ఆ పసుపు పట్టీని చదివి చెప్పడం కూడా మా పనిలో భాగమైంది.

పాటల సంగతి వేరు. అప్పట్లో తెలుగు పాటల సైట్లు చాలావరకు రియల్ ప్లేయర్‌లో వినిపించేవి. పాట మీద నొక్కితే ర్యామ్ అనే చిన్న ఫైలు వచ్చేది. కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు దాన్ని ఫ్లాపీలో పెట్టుకుని, క్షణంలో పాట దిగిపోయిందని సంబరపడి ఇంటికెళ్ళాడు. ఇంటి కంప్యూటరులో అది మోగలేదు. అందులో పాట లేదు, పాట ఉన్నచోటు చిరునామా ఒక్క వరుస ఉంది. నెట్ లేని ఇంట్లో ఆ చిరునామా ఎందుకు పనికొస్తుంది? మా స్టేషనులో ఆగకుండా దూసుకుపోయే కోరమండల్‌ను ప్లాట్‌ఫారం మీంచి చూడటం వంటిదే అది. వచ్చింది, కనబడింది, మన ఊళ్ళో ఏమీ దింపకుండా వెళ్ళిపోయింది. ఆ తమ్ముడికి ఆ రోజు విడమరచి చెప్పిన మాటే ఈ రోజు లోకమంతటికీ చెప్పవలసి వస్తుందని నేను అనుకోలేదు.

తెలుగు చదవడానికి ఇంకో చిక్కుండేది. పత్రికల సైట్లకు దేని ఫాంటు దానిదే. ఆ ఫాంటు కూడా దిగితేనే తెలుగు తెలుగుగా కనబడేది. లేకపోతే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలిసిన గందరగోళం. ఒక మేష్టారు తనకు నచ్చిన వ్యాసాన్ని సేవ్ చేసి తీసుకెళ్ళి, ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఒక్క ముక్క చదవలేకపోయేవారు. పైగా పేజీని సేవ్ చేస్తే ఒక ఫైలూ, దాని పేరుతోనే బొమ్మలున్న ఒక ఫోల్డరూ వచ్చేవి. రెండూ కలిపి తీసుకెళ్ళకపోతే బొమ్మల చోట ఎర్ర ఇంటూ గుర్తు మిగిలేది. ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, దానితోపాటు యూనికోడ్ తెలుగు వచ్చాక ఈ బాధ తగ్గింది. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళకు ‘పద్మ’ అనే పొడిగింపు ఆ పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. దాచుకున్నది పదేళ్ళ తర్వాత కూడా చదవగలిగేలా ఉండాలని అప్పుడే తెలిసింది.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలుపెట్టింది. కొంత ఆలస్యంగా మాదాకా వచ్చింది. 256 కిలోబిట్ల వేగం మాకు పండగ. నెలకు 500 రూపాయల ప్లానులో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్క లేదు. దాంతో రాత్రి డౌన్‌లోడ్ అనే కొత్త కాలచక్రం మొదలైంది. పగలంతా ఎవరికేం కావాలో నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి: ఒకరికి గేట్ పాత ప్రశ్నపత్రాలు, ఒకరికి జావా పుస్తకం, ఇంకొకరికి లినక్స్ సీడీ. ఫ్లాష్‌గెట్‌లోనో, ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్‌లోనో వరుసగా పెట్టి, రెండింటికి మొదలై ఎనిమిదికి ఆగేట్టు టైం పెట్టి, షట్టరు దించి ఇంటికి పోయేవాణ్ణి.

700 మెగాబైట్ల సీడీ ఆ వేగంతో దిగడానికి ఆరుంబావు గంటలు పడుతుంది. ఉన్నవి ఆరు గంటలు. కాబట్టి మిగిలిన ముక్క మర్నాటి రాత్రికి. ఆగినచోటి నుంచి మళ్ళీ మొదలవ్వాలంటే అవతలి సర్వరు ఒప్పుకోవాలి. మొత్తం ఫైలు పంపేటప్పుడు అది 200 అనే సంఖ్యతో జవాబిస్తుంది, అడిగిన ముక్క మాత్రమే పంపేటప్పుడు 206 అంటుంది. 206 రాని సైటు నుంచి పెద్ద ఫైలు దించాలంటే మళ్ళీ మొదటికే. ఏ సైటు ఒప్పుకుంటుంది, ఏది ఒప్పుకోదు అన్నది చుట్టుపక్కల సెంటర్ల కుర్రాళ్ళం ఒకరికొకరం ఫోన్లో చెప్పుకునేవాళ్ళం. పొద్దున్నే షట్టరు ఎత్తి, దిగినవాటి పక్కన ఆకుపచ్చ గుర్తు చూడటం ఆ రోజుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

ఆ రాత్రుల్లో దించినవాటిలో నేను ఇప్పటికీ దాచుకున్నవి తెలుగు పుస్తకాలు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డిగారు తలపెట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. ఎక్కడెక్కడి గ్రంథాలయాల్లోనో చివికిపోతున్న పుస్తకాలను స్కాన్ చేసి పెట్టారు. వేల తెలుగు పుస్తకాలు. శతకాలు, నాటకాలు, వైద్య గ్రంథాలు, పాత పాఠ్యపుస్తకాలు. పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మేష్టారు మా సెంటరులో ఆ సైటు చూసి కుర్చీలోంచి లేవలేదు. తాను చదువుకునే రోజుల్లో చేతికందని పుస్తకం పొందూరులో ఒక షాపుగదిలో తెరమీద కనబడుతోంది.

అయితే ఆ సైటు కట్టిన తీరు వేరు. పుస్తకం మొత్తం ఒకే ఫైలుగా ఇచ్చేది కాదు. ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ బొమ్మ. అప్పట్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు గానీ ఫైర్‌ఫాక్స్‌కు గానీ టిఫ్ చూపించడం వచ్చేది కాదు. ఆల్టర్నటిఫ్ అనే ప్లగిన్ పెట్టిన కంప్యూటరులో పేజీ తెరమీద పరుచుకునేది. ప్లగిన్ లేని పక్క కంప్యూటరులో అదే పేజీకి ఓపెన్, సేవ్, క్యాన్సిల్ పెట్టె వచ్చేది. ఒకే ఫైలు ఒక అరలో చదువుకునే పుస్తకం, పక్క అరలో దాచుకునే సరుకు. బ్రౌజరు పని ఎలా ఉంటుందో ఎవరికైనా చూపించాలంటే నేను ఆ రెండు కంప్యూటర్ల ముందూ నిలబెట్టి చూపించేవాణ్ణి.

మేష్టారికి పేజీ తర్వాత పేజీ చదవడం సాగలేదు. తెరమీద చదివితే కళ్ళు మంటలు, గంటకు పాతిక రూపాయలు. అందుకని ఆ బొమ్మల చిరునామా గమనించాం. ఫైలు పేరు ఎనిమిది అంకెలు: ఏడు సున్నాలు, ఒకటి. తర్వాతి పేజీకి ఏడు సున్నాలు, రెండు. ఆ వరుస తెలిశాక పని తేలికైంది. డౌన్‌లోడ్ మేనేజరులో ఒకటి నుంచి మూడువందల దాకా అని పెడితే తెల్లారేసరికి పుస్తకం అంతా దిగేది. మేం ఒక్కళ్ళమే కాదు. లోకంలో నలుమూలలా ఉన్న పుస్తకప్రియులు ఇదే పని చేసే ప్రోగ్రాములు రాశారు. పేజీలన్నీ దించి పీడీఎఫ్‌గా కుట్టారు. తెలుగు వికీపీడియాలో ఔత్సాహికులు కూర్చుని ఆ తెలుగు పుస్తకాల జాబితాలు తయారుచేశారు.

కొన్నేళ్ళకు కాపీరైటు చిక్కులు వచ్చి ఆ సైటు ఆగిపోయింది. లింకు నొక్కితే పేజీ రాదు. ఆ పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయంటే, కార్ల్ మాలముడ్ వంటివాళ్ళు సైటు బతికున్నప్పుడే వాటిని దించి అక్కడ పెట్టబట్టే. అది లేకపోతే స్కాన్ చేసిన శ్రమంతా మళ్ళీ గోడౌన్లలోని డిస్కులకే పరిమితమయ్యేది. చూసినవాళ్ళు లక్షల్లో ఉండి ఉంటారు. దించినవాళ్ళు కొద్దిమంది. పుస్తకాలు నిలబెట్టింది ఆ కొద్దిమందే.

నెట్ సెంటర్లు ఒక్క దెబ్బకు పోలేదు. 2010 చివర్లో క్రోమ్ బ్రౌజరు పీడీఎఫ్‌ను తనే చూపించడం మొదలుపెట్టింది. 2013లో ఫైర్‌ఫాక్స్ కూడా. దాంతో మా బూడిదరంగు పెట్టె రావడం తగ్గింది. 2011లో సైబర్ కెఫేలకు కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూసి రిజిస్టరులో రాయాలి. అదే ఏడు మీసేవ వచ్చింది. సర్టిఫికెట్ల పని అటు వెళ్ళింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇక గంటకు డబ్బిచ్చి కూర్చునే మనిషి లేడు. అరలు విప్పేశారు. ఆ గదుల్లో కొన్ని సెల్ రీచార్జి షాపులయ్యాయి, కొన్ని ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే చోట్లయ్యాయి.

ఆ మార్పు వల్ల జనానికి మేలే జరిగింది. మనవడి మార్కుల కోసం ఏ అవ్వా ఇప్పుడు మైళ్ళు నడవక్కర్లేదు. మీభూమిలో అడంగల్, 1బీ ఇంట్లోంచే చూసుకుంటున్నారు. 2015 నుంచి డిజీలాకర్ ఉంది. ఆ సుఖాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ దాంతోపాటు ఒకటి పోయింది. కనబడేదానికీ మన దగ్గర ఉన్నదానికీ తేడా ఉందన్న ఎరుక పోయింది. ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్ చాలాకాలం పీడీఎఫ్‌ను చూపించకుండా నేరుగా దించేసేది. దించినట్టు తెలియక మళ్ళీ నొక్కితే అదే హాల్‌టికెట్ పేరు పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలతో నాలుగు ప్రతులు. అయినా పరీక్ష పొద్దున ఫైలు ఎక్కడుందో దొరకదు. ఐఫోన్ సఫారీకి సరైన డౌన్‌లోడ్ ఏర్పాటు వచ్చిందే 2019లో. మధ్యలో జనం స్క్రీన్‌షాట్లకు అలవాటుపడ్డారు. మామూలు స్క్రీన్‌షాట్ తెర మేరకే పడుతుంది. కింద ఉన్న రెండో పేజీ అందులోకి రాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లా ఉద్దానాన్ని చిదిమేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నలు లేదు. అటువంటి సమయంలో లింకు ఎందుకూ కొరగాదు. ఫోన్లోనో పెన్‌డ్రైవులోనో కాగితం మీదో ఉన్న ప్రతి మాత్రమే పనికొస్తుంది. సముద్రం పక్కన బతికే మనకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు.

అందుకని చదివేవాళ్ళకు నా మనవి. మీ పిల్లల మార్కుల జాబితా, మీ భూమి కాగితం, ఆస్పత్రి రిపోర్టు, నాన్నగారి ఫోటో, మీకు ప్రాణమైన పాత పుస్తకం, వీటిని చూసి ఊరుకోకండి. ఫైలుగా దించండి. పేరు మార్చి, మనిషి పేరూ తేదీ రాయండి. రెండు చోట్ల పెట్టండి. ఫోన్లో డేటా ఆపేసి ఒక్కసారి తెరిచి చూడండి. తెరుచుకుంటే అది మీ దగ్గర ఉన్నట్టు. ఇక జనం కాగితాలనూ, జనం పుస్తకాలనూ సైట్లలో పెట్టే ఆఫీసులకూ, గ్రంథాలయాలకూ ఇంకో మనవి. పేజీ పేజీగా తెరమీద చూపించి సరిపెట్టకండి. మొత్తం ఫైలు దించుకునే బటన్ కూడా పక్కనే పెట్టండి. మీ సైటు ఎప్పుడైనా ఆగిపోతే మీరు చేసిన పని ఆ బటన్ నొక్కినవాళ్ళ ఇళ్ళలో బతికుంటుంది.